బిల్లు పడితేనే తిరిగే డ్రిల్లు

అమెరికాలో హోమ్ డిపో, లోస్ వంటి పెద్ద హార్డ్‌వేర్ దుకాణాలకు వెళ్లేవాళ్లు కొన్నేళ్లుగా ఒక మార్పు చూస్తున్నారు. ఒకప్పుడు చేత్తో పట్టుకుని, బరువు చూసుకుని, నచ్చితే బండిలో వేసుకున్న బ్యాటరీ డ్రిల్లులు, కటింగ్ మెషిన్లు చాలాచోట్ల ఇనుప జాలీల వెనక్కి వెళ్లిపోయాయి. కావాలంటే బటన్ నొక్కి, తాళంచెవి ఉన్న ఉద్యోగి వచ్చేదాకా నిలబడాలి. పని మధ్యలో మెషిన్ పాడై పరుగున వచ్చిన కార్పెంటరుకు అంత ఓపిక ఉండదు. పక్క దుకాణానికి పోతాడు, లేదా ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తాడు. దొంగ కోసం వేసిన తాళం కొనేవాణ్ణి కూడా బయటే నిలబెడుతోంది.

దీనికి విరుగుడుగా వచ్చిన ఆలోచన ఇది: వస్తువును దాచవద్దు, అందరికీ అందేలా అరలోనే ఉంచండి. కాకపోతే బిల్లింగ్ కౌంటరు దగ్గర డబ్బు కట్టి యాక్టివేట్ చేయించుకునేదాకా దాని మోటారు తిరగకూడదు. బిల్లు లేకుండా బయటికి వెళ్లిన డ్రిల్లు ఒట్టి ప్లాస్టిక్ ముద్దగా మిగలాలి. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పనిచేస్తుంది, దానికి ఉన్న సాక్ష్యం ఎంత, ఎక్కడ బోల్తా పడుతుంది అన్నవి ఒక్కచోట చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ తాళం మంచిదే, కానీ రెండు షరతుల మీద. పరిశ్రమ అంతా కలిసి వేయాలి. ఒక్కసారి తెరిచాక దాన్ని మళ్లీ ఎవరూ వేయలేకుండా ఉండాలి.

నష్టం ఎంత, ఎలాంటిది

అమెరికా చిల్లర వర్తకుల సంఘమైన నేషనల్ రిటైల్ ఫెడరేషన్ లెక్క ప్రకారం 2021లో దుకాణాల స్టాకు తరుగు విలువ 9,450 కోట్ల డాలర్లు. 2022లో అది 11,210 కోట్ల డాలర్లకు, అంటే అమ్మకాల్లో 1.6 శాతానికి చేరింది. ఈ అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. తరుగంతా దొంగతనం కాదు. అదే సర్వేలో 2022 తరుగులో బయటివాళ్ల చోరీ 36 శాతం, సిబ్బంది చేతివాటం 29 శాతం, లెక్కల్లోనూ పద్ధతుల్లోనూ జరిగే పొరపాట్లు 27 శాతం. 2021 తరుగులో దాదాపు సగం వ్యవస్థీకృత ముఠాల పనేనని చెప్పిన మాటను ఆ సంఘమే 2023 డిసెంబరులో వెనక్కి తీసుకుంది. భయపెట్టే అంకెల మీద విధానాలు కట్టకూడదనడానికి అదొక పాఠం.

అంకెలు అటుంచినా సమస్య నిజమే. 2019 డిసెంబరులో హోమ్ డిపో అప్పటి అధిపతి క్రెయిగ్ మెనియర్ ముఠా చోరీలు తమ లాభాల్ని కొరికేస్తున్నాయని పెట్టుబడిదారులకు బాహాటంగా చెప్పారు. అంతకంటే బరువైనది ప్రాణనష్టం. 2022 అక్టోబరులో నార్త్ కరోలినాలోని హిల్స్‌బరోలో ప్రెషర్ వాషర్లు ఎత్తుకెళుతున్న వ్యక్తికి ఎదురువెళ్లిన 83 ఏళ్ల ఉద్యోగిని అతను నేల మీదికి తోసేశాడు. కొన్ని వారాల తరవాత ఆ వృద్ధుడు మరణించాడు. 2023 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో దొంగతనాన్ని ఆపబోయిన 26 ఏళ్ల ఉద్యోగి తుపాకీ గుండుకు బలయ్యాడు. గుమ్మం దగ్గర మనిషిని కాపలా పెట్టి దొంగను ఆపించే పద్ధతికి మనం చెల్లిస్తున్న అసలు ధర ఇది. ఎవరూ ఎదురు నిలవాల్సిన అవసరం లేకుండా చోరీని దండగమారి పనిగా మార్చే ఏ మార్గమైనా, ముందు ఈ కారణం చేతనే పరిశీలించదగ్గది.

ఈ వస్తువులే ఎందుకు

దొంగలు ఎలాంటి వస్తువుల్ని ఎంచుకుంటారన్నది నేరశాస్త్రంలో బాగా నలిగిన ప్రశ్న. రొనాల్డ్ క్లార్క్ 1999లో బ్రిటన్ హోం శాఖ కోసం రాసిన నివేదికలో ఆరు లక్షణాలు చెప్పారు. దాచడానికి వీలుండటం, సులువుగా ఎత్తుకుపోగలగడం, అందుబాటులో ఉండటం, విలువ ఉండటం, వాడుకుంటే సుఖమివ్వడం, తేలిగ్గా అమ్ముడుపోవడం. బ్యాటరీ పనిముట్లలో ఈ లక్షణాలు దాదాపు అన్నీ ఉన్నాయి.

బ్లాక్ అండ్ డెకర్ 1961లో మొదటి కార్డ్‌లెస్ డ్రిల్లును తెచ్చినప్పుడు పరిస్థితి ఇది కాదు. అప్పటి బ్యాటరీలు బలహీనమైనవి. 2005లో మిల్వాకీ సంస్థ 28 వోల్టుల లిథియం అయాన్ వరుసను తెచ్చాక తీగ ఉన్న మెషిన్ చేసే పనులు చాలావరకు తీగ లేనిదే చేయగలిగింది. చేతి సంచిలో పట్టే పెట్టె, అందులో డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు, రెండు బ్యాటరీలు, చార్జరు. ధర వందల డాలర్లలో. మేస్త్రీలు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు అందరికీ అవసరమే. సీలు తీయని పెట్టెను ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ఈబేలోనో సగం ధరకు పెడితే గంటల్లో పోతుంది. కొన్నవాడికి అది దొంగసొత్తని తెలిసే దారి లేదు.

ఆ అమ్మకం దారినే మూయాలని అమెరికా చేసిన ఇన్‌ఫార్మ్ కన్స్యూమర్స్ చట్టం 2023 జూన్ 27న అమల్లోకి వచ్చింది. పన్నెండు నెలల్లో 200 కొత్త వస్తువులు, 5,000 డాలర్లు దాటి అమ్మేవాళ్ల వివరాలను ఆన్‌లైన్ వేదికలు సరిచూడాలని దాని ఆదేశం. మంచి చట్టమే. అయితే అది పెద్ద అమ్మకందారులకే వర్తిస్తుంది. పార్కింగ్ స్థలంలో చేతులు మారే డ్రిల్లు దానికి చిక్కదు.

పాత కాపలాలు, పాత తాళాలు

1960ల నుంచి దుకాణాలు నమ్ముకున్నది గుమ్మం దగ్గర కూతపెట్టే ట్యాగు. దాని బలం, కూత విని ఎవరైనా ఆపుతారన్న భయంలో ఉంది. ఆపవద్దని సిబ్బందికి దుకాణాలే చెబుతున్న రోజుల్లో ఆ భయం పోయింది. పెట్టె చుట్టూ బిగించే తీగలు కత్తెరకు తెగుతాయి. ఇనుప జాలీ దొంగను ఆపుతుంది గానీ వ్యాపారాన్నీ ఆపుతుంది.

దోచినదాన్ని పనికిరాకుండా చేయడం వేరే తరహా ఆలోచన. బట్టల దుకాణాల్లో బలవంతంగా పీకితే సిరా చిమ్మే ట్యాగులు, బ్యాటరీ తీగ ఊడదీస్తే రహస్య సంఖ్య అడిగే కారు రేడియోలు ఆ కోవకు చెందినవే. కౌంటరులో యాక్టివేట్ చేసే పద్ధతికి అసలైన పూర్వరూపం గిఫ్ట్ కార్డు. సూపర్ మార్కెట్‌లో వందల డాలర్ల కార్డులు కాపలా లేకుండా వేలాడుతుంటాయి. బిల్లు పడేదాకా వాటిలో డబ్బు ఉండదు కాబట్టి ఎత్తుకుపోయి లాభం లేదు.

ఇదే సూత్రాన్ని అసలు వస్తువుకు వర్తింపజేయాలని 2000ల మధ్యలో కాలిఫోర్నియాకు చెందిన కెస్ట్రెల్ వైర్‌లెస్ ప్రయత్నించింది. డీవీడీ మీద లేజరు దూరకుండా అడ్డుపడే పొర, దానికో చిప్పు. కౌంటరులో రేడియో సంకేతం అందగానే పొర తేటపడి బొమ్మ ఆడుతుంది. ఆలోచన చక్కనిదే, కానీ అది నిలవలేదు. డిస్కులు తయారుచేసేవాళ్లు, సినిమా స్టూడియోలు, దుకాణాలు అందరూ ఒకే పద్ధతికి ఒప్పుకుంటేనే ఫలించే పథకమది. ఆ ఒప్పందం కుదిరేలోగా జనం డిస్కులు కొనడమే తగ్గించేశారు.

యాక్టివేషన్ ఎలా పనిచేస్తుంది

2021లో హోమ్ డిపో కొన్ని పవర్ టూల్స్‌ను బ్లూటూత్ ద్వారా కౌంటరు దగ్గర యాక్టివేట్ చేసే ప్రయోగాన్ని మొదలుపెట్టింది. 2022 డిసెంబరులో లోస్ తన ఇన్నోవేషన్ ల్యాబ్స్ తరఫున ప్రాజెక్ట్ అన్‌లాక్‌ను ప్రకటించింది. ఇందులో పనిముట్టు లోపల రేడియో సంకేతంతో చదవగల ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పు ఉంటుంది. కౌంటరులోని స్కానరు దాని సీరియల్ సంఖ్యను చదివి, ఆ ఒక్క వస్తువుకే సరిపడే తాళం సంకేతాన్ని అందులో రాస్తుంది. దానికి తోడు, ఫలానా సంఖ్య గల వస్తువు సక్రమంగా అమ్ముడైందో లేదో ఎవరైనా చూసుకోగల బ్లాక్‌చెయిన్ నమోదు కూడా ఉంటుంది. కొన్నవాడి పేరు అందులో ఉండదు. పోలీసులకూ, పాత సామాను కొనేవాళ్లకూ ఇది ఉపయోగం.

రెండు ప్రయోగాల్లోనూ మూలం ఒకటే. పనిముట్టులోని ఎలక్ట్రానిక్ బోర్డు ట్రిగ్గరు నొక్కగానే తన మెమరీలో 'అమ్ముడైంది' అన్న గుర్తు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే మోటారుకు కరెంటు పంపదు. ఇక్కడ మోటారు రకం కీలకమవుతుంది. చవక మెషిన్లలో ఉండే బ్రష్ మోటారుకు స్విచ్చి నుంచి రెండు తీగలు కలిపితే చాలు, తిరుగుతుంది. బ్రష్‌లెస్ మోటారు అలా కాదు. దాని తీగచుట్టలకు వరుస తప్పకుండా కరెంటు అందించే బోర్డు లేనిదే అది కదలదు. అందుకే బ్రష్‌లెస్ మెషిన్లో తాళాన్ని దాటాలంటే బోర్డునే మార్చాలి. ఆ ఖర్చు, ఆ శ్రమ దొంగ లాభాన్ని మింగేస్తాయి. విలువైన మెషిన్లన్నీ ఇప్పుడు బ్రష్‌లెస్ వైపే వెళుతున్నాయి కాబట్టి ఈ తాళానికి కాలం కలిసొచ్చిందనే చెప్పాలి.

ఇంకో చిక్కు, బ్యాటరీ లేకుండా విడిగా అమ్మే మెషిన్లు. వాటికి సొంత కరెంటు ఉండదు కదా, సంకేతం ఎలా అందుకుంటాయి? రీడరు పంపే రేడియో తరంగాల నుంచే కాస్త విద్యుత్తు తీసుకుని మెమరీలో రాసుకునే చిప్పులు ఇప్పటికే ఉన్నాయి. తరవాత బ్యాటరీ తగిలించినప్పుడు మెషిన్ బోర్డు ఆ రాతను తీగ ద్వారా చదువుకుంటుంది. ఇవన్నీ పరిష్కారమైన ఇంజనీరింగ్ ప్రశ్నలే. మానకూడని జాగ్రత్త ఒకటుంది: ప్రతి వస్తువుకూ విడి సంకేతం ఉండాలి. అన్నింటికీ ఒకే సంకేతం పెడితే, అది ఒక్కచోట బయటపడిన రోజున అన్ని తాళాలూ ఒకేసారి ఊడిపోతాయి.

సాక్ష్యం ఏం చెబుతోంది

ఈ తరహా తాళాలు నేరాన్ని తగ్గిస్తాయా? బలమైన జవాబు కార్ల నుంచీ ఫోన్ల నుంచీ వస్తుంది.

సరైన తాళంచెవి లేకుండా ఇంజను స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజరును ఐరోపా సమాజం 1998 నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్‌లో ఫాన్ అవర్స్, ఫొల్లార్డ్ అనే ఆర్థికవేత్తలు 1995 నుంచి 2008 దాకా లెక్కలు తీసి, కార్ల చోరీ సగటున సుమారు 40 శాతం తగ్గిందని తేల్చారు. దొంగలు తాళం లేని పాత కార్ల మీదికి మళ్లడాన్ని కూడా కలుపుకొన్న లెక్క అది. అమెరికా అలాంటి నియమం పెట్టలేదు. 2015 మోడల్ కార్లలో ఇతర కంపెనీలవి 96 శాతం ఇమ్మొబిలైజరుతో వస్తే, హ్యుందాయ్, కియాలవి 26 శాతమే. ఆ లోపాన్ని వాడుకునే పద్ధతి 2022లో టిక్‌టాక్ వీడియోల ద్వారా పాకి, నగరాల్లో ఆ రెండు కంపెనీల కార్ల చోరీలు పెచ్చుమీరాయి. చివరికి 2023లో దాదాపు 83 లక్షల వాహనాలకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది.

ఫోన్ల కథ ఇంకా స్పష్టం. ఆపిల్ 2013 సెప్టెంబరులో యాక్టివేషన్ లాక్ తెచ్చింది. తరవాతి పన్నెండు నెలల్లో ఐఫోన్ చోరీలు శాన్ ఫ్రాన్సిస్కోలో 40 శాతం, న్యూయార్క్‌లో 25 శాతం తగ్గాయి. కానీ 2014 తొలి నెలల్లో న్యూయార్క్ లెక్కలు ఇంకో సంగతి బయటపెట్టాయి. ఆపిల్ వస్తువుల దోపిడీలు 19 శాతం తగ్గిన అదే కాలంలో, అప్పటికి తాళం లేని సామ్‌సంగ్ ఫోన్ల దోపిడీలు 40 శాతానికి పైగా పెరిగాయి. కాలిఫోర్నియా 2015 జూలై నుంచి తయారై తమ దగ్గర అమ్ముడయ్యే ప్రతి స్మార్ట్‌ఫోనుకూ ఈ తాళం ఉండాలని చట్టం చేయడం వెనక ఉన్న తర్కం ఇదే. ఒక్కరు తాళం వేస్తే నేరం పక్కింటికి మారుతుంది. అందరూ వేస్తేనే తగ్గుతుంది.

ఎక్కడ దెబ్బతింటుంది

మొదటి బలహీనత విడిభాగాలు. లండన్‌లో పోయిన ఫోన్లు చైనాలోని షెన్‌జెన్ బజార్లకు చేరి, లాక్ అయినా ముక్కలుగా అమ్ముడవుతున్నాయి. పవర్ టూల్స్‌లో ఆ ముక్క బ్యాటరీ. చాలాసార్లు ఖాళీ మెషిన్ కంటే బ్యాటరీయే ఖరీదు. మెషిన్‌కు తాళం వేసి బ్యాటరీని వదిలేస్తే సగం సొత్తు వదిలేసినట్టే. బ్యాటరీ లోపల సెల్లుల్ని కాపాడే సర్క్యూట్ ఎలాగూ ఉంటుంది, తాళం అక్కడా ఉండాలి.

రెండోది దొంగకు తెలియకపోవడం. పనిచేయదని దొంగకు తెలిస్తేనే అతను చేయి వెనక్కి తీసుకుంటాడు. తెలియకపోతే ఎత్తుకుపోతాడు, అమాయకుడికి అమ్ముతాడు, ఆ అమాయకుడు మోసపోతాడు. దుకాణం నష్టం అలాగే ఉంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రాయడం, పాత సామాను బజార్లకు చెప్పడం ఈ పథకంలో చిప్పు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

మూడోది లోపలి మనుషులు. తరుగులో సిబ్బంది వాటా 29 శాతమని పైన చూశాం. యాక్టివేషన్ రసీదుతో ముడిపడి, ఏ కౌంటరులో ఏ వేళ జరిగిందో నమోదైతేనే ఆ దారి మూసుకుంటుంది. ఇక్కడ ఒక లాభం కూడా ఉంది: లారీలో, గోదాములో పోయిన పెట్టెలకూ ఇదే తాళం కాపలా. గుమ్మం దగ్గరి ట్యాగు ఆ పని చేయలేదు.

నాలుగోది, అన్నింటికంటే మొండిది, ఖర్చెవరిది అన్న ప్రశ్న. చిప్పు పెట్టాల్సింది తయారీదారు, లాభం దుకాణానిది. డివాల్ట్ మెషిన్ పెద్ద గొలుసు దుకాణాల్లోనూ ఉంటుంది, స్కానరు లేని ఊరి దుకాణంలోనూ ఉంటుంది. ఒకరి కోసం తాళంతో, ఇంకొకరి కోసం తాళం లేకుండా రెండు రకాలు చేయడం కంపెనీకి తలనొప్పి. అందుకే ఒకే దుకాణం అమ్మే బ్రాండ్లలో ఇది ముందు సాధ్యం. అమెరికాలో ప్రధానంగా హోమ్ డిపో అమ్మే ర్యోబి, లోస్ సొంత బ్రాండు కోబాల్ట్ అలాంటివి. కానీ సామ్‌సంగ్ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ఒక్క బ్రాండుకే తాళం వేస్తే చోరీ పక్క అరకు జరుగుతుంది. తయారీదారులూ దుకాణాలూ కలిసి ఒకే ప్రమాణం రాసుకోకపోతే డీవీడీ కథే మళ్లీ జరుగుతుంది.

కొన్నాక ఎవరిది

నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది ఈ ప్రశ్న. పనిముట్టులో తాళం పెట్టగల శక్తి తయారీదారుకు వచ్చాక ఆ శక్తి ఎక్కడ ఆగుతుంది? ట్రాక్టరు బాగుచేసుకోవడానికి అమెరికా రైతులు జాన్ డీర్ సాఫ్ట్‌వేర్ తాళాలతో ఏళ్ల తరబడి పోరాడారు. చోరీ పేరుతో వచ్చిన చిప్పు రేపు వేరే కంపెనీ బ్యాటరీని తిరస్కరించడానికీ, బయటి మెకానిక్ చేతిని అడ్డుకోవడానికీ, నెలనెలా చందా కట్టకపోతే మెషిన్ ఆపడానికీ పనికొస్తుంది. కంపెనీ మూతబడితే ఏమవుతుంది? సర్వరు పనిచేయకపోతే? కానుకగా ఇచ్చినా, సెకండ్ హ్యాండ్‌లో అమ్మినా, తండ్రి పనిముట్లు కొడుక్కి వచ్చినా ఏమవుతుంది?

ఇక్కడ రెండు రకాల తాళాల్ని విడదీసి చూడాలి. ఒకటి దుకాణం తాళం: అమ్మకం క్షణంలో ఒక్కసారి తెరుచుకుని, ఆ తరవాత లేనట్టే అయిపోయేది. రెండోది యజమాని తాళం: హిల్టీ తన మెషిన్లకు ఇచ్చే చోరీ రక్షణ వ్యవస్థ, మిల్వాకీ 2015లో తెచ్చిన వన్ కీ ఇలాంటివి. వీటిలో మెషిన్‌ను లాక్ చేయాలా వద్దా అన్నది కొన్న కాంట్రాక్టరు చేతిలో ఉంటుంది. రెండూ న్యాయమైనవే. ప్రమాదకరమైనది మూడో రకం, అమ్మేశాక కూడా కంపెనీ చేతిలో మిగిలిపోయే తాళం. దాన్ని సాంకేతికంగానే అసాధ్యం చేయాలి: ఒకసారి మాత్రమే రాయగల మెమరీ గడి వాడి, అందులో పడిన 'అమ్ముడైంది' గుర్తును ఇంకెవరూ చెరపలేకుండా చూడాలి. ఉత్తి హామీ సరిపోదు.

మన దగ్గర

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడలోనో మెషిన్ల దుకాణానికి వెళితే సరుకు కౌంటరు వెనకే ఉంటుంది. అడిగితే తీసి, బ్యాటరీ తగిలించి తిప్పి చూపిస్తారు. అరలోంచి ఎత్తుకుపోవడం మన దుకాణాల ప్రధాన సమస్య కాదు. మన చోరీలు కట్టుబడి సైట్లలో, వర్క్‌షాపుల్లో జరుగుతాయి. మెషిన్ పోతే రోజు కూలీతో బతికే మేస్త్రీకి పనే పోతుంది. కాబట్టి మనకు ఎక్కువ అక్కరకొచ్చేది యజమాని తాళం, దానితో పాటు సీరియల్ సంఖ్యల నమోదు. పోయిన ఫోన్లను గుర్తించి ఆపే సీఈఐఆర్ వ్యవస్థను కేంద్రం 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్ ద్వారా దేశమంతటికీ తెచ్చింది. దాన్ని వాడి ఫోన్లు వెతికి ఇవ్వడంలో తెలంగాణ పోలీసులు దేశంలో ముందు వరుసలో నిలిచారు. ఫోను ఎప్పుడూ నెట్‌వర్కుకు కలుస్తుంది, డ్రిల్లు కలవదు. అయినా పాత మెషిన్ కొనేముందు సంఖ్య సరిచూసుకునే వీలుంటే దొంగసొత్తుకు గిరాకీ పడిపోతుంది.

ప్రపంచ మార్కెట్ కోసం ఒకే నమూనా తయారుచేసే కంపెనీలు రేపు యాక్టివేషన్‌ను మనకూ తెస్తే, అడగాల్సినవి అప్పుడే అడగాలి. స్కానరు లేని మండల కేంద్రపు దుకాణదారు తన ఫోనుతోనే యాక్టివేట్ చేయగలగాలి. కొనేవాడి కళ్ల ముందు మెషిన్ తిప్పి చూపించాకే డబ్బు తీసుకునే మన అలవాటు కొనసాగాలి. గల్ఫ్ నుంచి తిరిగొస్తూ నిజామాబాద్ కార్మికుడు తెచ్చుకున్న మెషిన్ ఇక్కడ ఆగిపోయేలా దేశాల వారీ తాళాలు ఉండకూడదు. ఇలా చేస్తే మనకో అదనపు లాభం కూడా ఉంది: నకిలీ బ్రాండ్లు రాజ్యమేలే బజారులో, యాక్టివేట్ అయిన మెషిన్ అసలుదేనన్న రుజువు కొనేవాడి చేతిలో ఉంటుంది.

తీర్పు

కార్లు, ఫోన్లు చెప్పే సాక్ష్యాన్ని బట్టి చూస్తే యాక్టివేషన్ వైపు అడుగు వేయడం సరైనదే. ఇనుప జాలీ కంటే అది కొనేవాణ్ణి గౌరవిస్తుంది. గుమ్మం దగ్గర ఉద్యోగి ఛాతీని అడ్డం పెట్టడం కంటే ఎంతో మానవీయమైనది. అయితే అది నిలవాలంటే కొన్ని పనులు జరగాలి. తయారీదారులు, దుకాణాలు ఉమ్మడి ప్రమాణం రాసుకుని ఖర్చు పంచుకోవాలి. తాళం బ్యాటరీ దాకా వెళ్లాలి. తెరుచుకోని మెషిన్‌తో ఇంటికెళ్లిన నిజాయితీ కొనుగోలుదారుకు రసీదు చూపగానే, రెండో ప్రశ్న లేకుండా పరిష్కారం దొరకాలి. ఫలితాల లెక్కల్ని దుకాణాలు బయటి పరిశోధకుల చేతికి ఇవ్వాలి, 2023లో వెనక్కి తీసుకున్న వాటిలాంటి అంకెలతో మళ్లీ వాదించకూడదు. చట్టం ఎక్కడైనా దీన్ని తప్పనిసరి చేస్తే, అమ్మకం తరవాత తయారీదారు మెషిన్‌ను ఆపడాన్ని అదే చట్టం నిషేధించాలి.

దొంగ చేతిలో ఒక్కసారి కూడా తిరగని పనిముట్టు, కొన్నవాడి చేతిలో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఎన్నేళ్లయినా తిరిగే పనిముట్టు, రెండూ ఒకే మెషిన్లో సాధ్యమే. మొదటిదాని కోసం రెండోదాన్ని వదులుకోమనే ఏ పథకాన్నీ మనం ఒప్పుకోనక్కరలేదు.